పెట్టె విప్పకముందే బడి సిద్ధం కావాలి

జూన్‌లో బడులు తెరుచుకోగానే ఉపాధ్యాయులం కలిసిన చోటల్లా ఒకటే ప్రశ్న: ‘‘ఈ ఏడు మీ బడికి ఏమొచ్చింది?’’ ఒక బడికి స్మార్ట్‌బోర్డు వచ్చి ఉంటుంది. ఇంకో బడికి పది ట్యాబులు. మరో బడికి పూర్వ విద్యార్థులు చందాలు వేసుకుని కొనిచ్చిన ప్రొజెక్టరు. చెప్పేవారి ముఖంలో సంతోషం కనిపిస్తుంది. రెండేళ్ల తర్వాత అదే బడి వారిని ‘‘ఆ బోర్డు ఎలా పనిచేస్తోంది?’’ అని అడిగితే జవాబు నెమ్మదిగా వస్తుంది. రిమోట్ కనిపించడం లేదు. యూపీఎస్ బ్యాటరీ పోయింది. పాస్‌వర్డు తెలిసిన మాస్టారు బదిలీ అయ్యారు. అందులో ఉన్న పాఠాలు మన భాషలో లేవు. ఇందులో ఏ ఒక్కటీ యంత్రం తప్పు కాదు. యంత్రం వచ్చేనాటికి బడి సిద్ధంగా లేదు, అంతే.

కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రల్లోని తెలుగు బడులకు, తెలుగు సెక్షన్లకు ఈ సంగతి మరీ ముఖ్యం. ఒకే ఆవరణలో రాష్ట్ర భాషా మాధ్యమం, తెలుగు మాధ్యమం పక్కపక్కనే నడిచే బడులు మనకు తెలుసు. పక్క గదిలో బోర్డు మీద బొమ్మలు కదులుతుంటే, తెలుగు గదిలో అదే బోర్డు గుడ్డ కప్పుకుని ఉంటే, వచ్చే ఏడాది తల్లిదండ్రులు పిల్లల్ని ఎటు చేరుస్తారో ఊహించడం కష్టం కాదు. పిల్లలు తగ్గితే పోస్టుకు ముప్పు. పోస్టు పోతే సెక్షనుకే ముప్పు. యానాంలో తెలుగే ఊరి భాష కాబట్టి ఆ భయం అంతగా లేదు. అయినా ఉత్తర్వులూ సరఫరాలూ వచ్చేది పుదుచ్చేరి నుంచే కాబట్టి, వచ్చిన పరికరంలో తెలుగు ఉందో లేదో చూసుకోవలసిన పని అక్కడా ఉంది.

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. సాంకేతిక పరికరం ఏదైనా బడికి రాకముందే, దాన్ని ఎవరు నడుపుతారు, ఎవరు జవాబు చెబుతారు, చెడితే ఏం చేస్తారు అన్నది అందరూ కూర్చుని కాగితం మీద పెట్టుకోవాలి. ఆ కాగితం అందరికీ కనిపించే చోట ఉండాలి. దీనికి గ్రాంటు అక్కర్లేదు, పైవారి అనుమతీ అక్కర్లేదు.

పెరూ నేర్పిన పాఠం

దక్షిణ అమెరికాలోని పెరూ దేశం 2008లో ‘పిల్లవాడికో ల్యాప్‌టాప్’ పథకాన్ని పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. పేద గ్రామీణ బడులకే ముందు ఇచ్చారు. ఉద్దేశం మంచిదే. దాని ఫలితాలను ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు పరిశోధకులు 319 గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో పరిశీలించి 2012లో ప్రకటించారు. పథకం అందిన బడుల్లో వందమంది పిల్లలకు 12 కంప్యూటర్లు ఉన్నచోట 118 అయ్యాయి. అంటే పరికరాల కొరత పూర్తిగా తీరిపోయింది. గణితంలోనూ భాషలోనూ మార్కులు మాత్రం కదల్లేదు. పిల్లల సాధారణ ఆలోచనా శక్తిలో కొంత మెరుగుదల కనిపించింది గానీ, తరగతి గదిలో చదువు చెప్పే తీరు మారలేదు.

పరికరం పిల్లల చేతికి చేరింది. దాన్ని ఏ పాఠానికి, ఏ రోజు, ఎలా వాడాలన్నది ఉపాధ్యాయుల పనిలో కలవలేదు. ఒక దేశ ప్రభుత్వానికే అలా జరిగినప్పుడు, ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులతో నడిచే మన సెక్షన్లకు ఈ హెచ్చరిక ఇంకా దగ్గరగా తగులుతుంది. ఇల్లు అలకగానే పండగ కాదని మన పెద్దలు ఊరికే అనలేదు.

కేరళ ముందు మనుషుల్ని నిలబెట్టింది

దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ మన పొరుగునే ఉంది. కేరళ 2001లో ‘ఐటీ ఎట్ స్కూల్’ కార్యక్రమం మొదలుపెట్టింది. అదే 2017లో ‘కైట్’ అనే ప్రభుత్వ సంస్థగా మారింది. 2018 నాటికి ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో 8 నుంచి 12 తరగతుల వరకు 45,000 తరగతి గదులను హైటెక్ గదులుగా మార్చే పని చేపట్టింది. సంఖ్య పెద్దదే. అయితే మనం చూడాల్సింది సంఖ్యను కాదు, దాని వెనకున్న ఏర్పాటును. బడిలో పనిచేస్తున్న ఉపాధ్యాయుల నుంచే శిక్షకులను తయారుచేశారు. ప్రతి హైస్కూలులో ఐటీ బాధ్యతను ఒక ఉపాధ్యాయుడికో ఉపాధ్యాయురాలికో పేరు పెట్టి అప్పగించారు. కంప్యూటర్లలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడటం వల్ల లైసెన్సుల ఖర్చు తప్పింది, భాషకు తగ్గట్టు మార్చుకునే వీలూ కలిగింది.

2018లోనే ‘లిటిల్ కైట్స్’ పేరుతో హైస్కూళ్లలో విద్యార్థుల క్లబ్బులు పెట్టారు. పరికరాల సంరక్షణ, మలయాళ కంప్యూటింగ్, యానిమేషన్, సైబర్ భద్రత వంటివి ఆ పిల్లలు నేర్చుకుంటారు, బడిలో తోటివారికి సాయపడతారు. మన పాఠకులకు పట్టవలసిన మరో విషయం ఉంది. కేరళలో తమిళ, కన్నడ మాధ్యమాల బడులూ ఉన్నాయి, వారి కోసం పాఠ్యపుస్తకాలు ఆ భాషల్లోనూ అచ్చవుతాయి. భాషాల్పసంఖ్యాకుల పిల్లలు సాంకేతికతలో వెనకబడి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. ఏర్పాటు ముందుగా జరగాలి.

సంసిద్ధత అంటే ఏమిటి

ఏదైనా సంస్థ కొత్త మార్పుకు సిద్ధంగా ఉందా లేదా అన్నదాని మీద అమెరికా పరిశోధకుడు బ్రయాన్ వైనర్ 2009లో ఒక సిద్ధాంతం రాశారు. ఆయన ఆరోగ్య సేవల రంగాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినా, అది బడికి చక్కగా అతుకుతుంది. సంసిద్ధతకు రెండు భాగాలున్నాయంటారాయన. ఒకటి, ‘మనం ఇది చేయాలి’ అన్న ఉమ్మడి నిశ్చయం. రెండు, ‘మనం ఇది చేయగలం’ అన్న ఉమ్మడి నమ్మకం. రెండింటిలోనూ ‘ఉమ్మడి’ అన్న మాటే కీలకం. హెచ్‌ఎం ఒక్కరికే ఉత్సాహం ఉంటే అది బడి సంసిద్ధత అనిపించుకోదు. కంప్యూటరు తెలిసిన కుర్ర మాస్టారు ఒక్కరికే నమ్మకం ఉన్నా అంతే.

ఈ రెండింటినీ స్టాఫ్ మీటింగులో అరగంటలో తెలుసుకోవచ్చు. తలా ఒక చీటీ ఇవ్వండి. పేరు రాయనక్కర్లేదు. రెండే ప్రశ్నలు: ఈ పరికరం మన పిల్లలకు అవసరమని మీరు అనుకుంటున్నారా? దీన్ని వారానికి రెండుసార్లు మీ పాఠంలో వాడగలనని మీకు నమ్మకం ఉందా? మొదటిదానికి ‘అవును’ ఎక్కువ, రెండోదానికి తక్కువ వస్తే కావలసింది శిక్షణ. మొదటిదానికే ‘కాదు’ ఎక్కువ వస్తే శిక్షణతో పని జరగదు, ఎందుకు వద్దనుకుంటున్నారో వినాలి. చాలాసార్లు వారి మాటలో న్యాయం ఉంటుంది. ‘‘నాలుగు తరగతులు ఒక్కరమే చెబుతున్నాం, ఇది పెట్టి ఆన్ చేసేలోపు పీరియడు అయిపోతుంది’’ అనే ఉపాధ్యాయురాలు మొండికెత్తి అనడం లేదు. టైంటేబుల్లో ఉన్న చిక్కును చెబుతున్నారు.

కొనడం కన్నా నడపడమే ఖర్చు

ఒక లెక్క చూడండి. సమగ్ర శిక్షా పథకం కింద 6 నుంచి 12 తరగతులున్న బడికి ఐసీటీ ల్యాబు మంజూరైతే, ఒకసారి ఇచ్చే గ్రాంటు రూ.6.40 లక్షల వరకు. నిర్వహణకు ఏటా రూ.2.40 లక్షల వరకు, 5 ఏళ్లపాటు. అంటే 5 ఏళ్ల నిర్వహణ రూ.12 లక్షలు. పెట్టిన పెట్టుబడికి దాదాపు రెట్టింపు. పథకం రాసినవారికే ఆ సంగతి తెలుసు. దాతలు ఇచ్చే టీవీకీ, ప్రొజెక్టరుకూ ఈ రెండో అంకె ఉండదు. ఇచ్చిన రోజున ఫొటో, ఆ తర్వాతి ఖర్చు బడిదే.

అందుకే దాత వచ్చినప్పుడు మొహమాటపడకుండా ఒక మాట అడగాలి: ‘‘అయ్యా, బోర్డు కొంచెం చిన్నదైనా ఫర్వాలేదు, మూడేళ్ల మరమ్మతు ఖర్చు కూడా ఇందులో కలిపి ఇవ్వగలరా?’’ ఇలా అడిగినందుకు దాత కోప్పడరు. తన సొమ్ము మూలన పడకూడదనే ఆయన కోరిక కూడా.

పెట్టె రాకముందు తేల్చుకోవలసినవి

పరికరం ఏదైనా, దిగుమతి అయ్యేలోపే ఈ ప్రశ్నలకు జవాబు రాసి పెట్టుకోవాలి.

గదిలో ప్లగ్గు పాయింటుకు ఎర్తింగు ఉందా? ఎలక్ట్రీషియను చూసి చెప్పారా? వోల్టేజీ పడిపోయే ఊరైతే స్టెబిలైజరు ఎవరు తెస్తారు?

గది తాళం ఎవరి దగ్గర? రెండో తాళంచెవి ఎవరి దగ్గర? సెలవుల్లో ఎవరు చూస్తారు? వాడకుండా నెలల తరబడి వదిలేస్తే బ్యాటరీలు పాడవుతాయి కాబట్టి, వేసవి సెలవుల్లో పదిహేను రోజులకోసారి ఛార్జి పెట్టే మనిషి పేరు కావాలి.

వారంటీ కార్డు, బిల్లు, సర్వీసు ఫోను నంబరు ఏ ఫైలులో ఉన్నాయి? వారంటీ ఏ తేదీతో ముగుస్తుంది? ఆ తేదీకి నెల ముందు ఎవరు గుర్తుచేస్తారు?

పరికరంలో తెలుగు అక్షరాలు సరిగ్గా కనిపిస్తున్నాయా? తెలుగులో టైపు చేయవచ్చా? పాఠాలు ఏ భాషలో ఎక్కించారు? రాష్ట్ర భాషలోనో ఇంగ్లిషులోనో మాత్రమే ఉంటే, సరఫరా చేసేవారు అప్పగింత కాగితం మీద సంతకం అడిగినప్పుడే ‘తెలుగు పాఠాలు లేవు’ అని రాసి సంతకం పెట్టాలి. ఆ ఒక్క వాక్యమే రేపు మన అర్జీకి ఆధారం.

లాగిన్, పాస్‌వర్డు బడి పేరున ఉన్నాయా, ఎవరి సొంత ఈమెయిలుకైనా ముడిపడి ఉన్నాయా? ఈ ప్రశ్న అన్నింటికన్నా ముఖ్యం. బడికి ఒక ఈమెయిలు, దానికి బడిలోనే ఉండే ఒక ఫోను నంబరు ఉండాలి. పాస్‌వర్డును కవరులో పెట్టి, సీలు వేసి, హెచ్‌ఎం బీరువాలో ఉంచాలి. లేదంటే బదిలీ ఉత్తర్వుతోపాటు పాస్‌వర్డు కూడా ఊరు దాటిపోతుంది.

ఒక్క పట్టిక, ఒక్క పేరు

పెద్ద కంపెనీలు ప్రాజెక్టులు నడపడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్లు వాడతాయి. వాటి లోపల ఉండేది ఒక సాదా పట్టికే. మన బడికి అయిదు గడులు చాలు: పని ఏమిటి, ఎవరు చేస్తారు, ఎవరు జవాబు చెబుతారు, ఏ తేదీకి, ఎంతవరకు వచ్చింది.

ఇందులో ‘ఎవరు జవాబు చెబుతారు’ అన్న గడిలో ఒక్క పేరే ఉండాలి. ‘అందరూ’ అని రాస్తే ఎవరూ కారు. ‘కమిటీ’ అని రాసినా అంతే. చేసేవారు ముగ్గురుండవచ్చు, అడిగినప్పుడు లేచి నిలబడేవారు మాత్రం ఒక్కరే. ‘ట్యాబులకు ఛార్జింగు’ అన్న పనిని తీసుకోండి. చేసేవారు తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు, వంతులవారీగా. జవాబు చెప్పేవారు సైన్సు టీచరు. ప్రతి శుక్రవారం సాయంత్రంలోగా. స్థితి: పదిలో తొమ్మిది పనిచేస్తున్నాయి, ఒకటి సర్వీసుకు పంపాం. ఈ ఒక్క వరుస చదివితే కొత్తగా వచ్చిన హెచ్‌ఎంకు కూడా సంగతి అర్థమవుతుంది.

మొదట ఈ పట్టికను చార్టు మీద గీసి స్టాఫ్ రూములో అంటించండి. నెట్ సరిగ్గా రాని ఊళ్లలో అదే చాలు. నెట్ ఉన్నచోట అదే పట్టికను గూగుల్ షీట్‌లో పెట్టుకుంటే ఎవరి ఫోనులోంచైనా చూడొచ్చు, దిద్దొచ్చు. అప్పుడు మూడు జాగ్రత్తలు అవసరం. షీటు బడి ఈమెయిలు పేరున తెరవాలి. దిద్దే హక్కు ఇద్దరు ముగ్గురికే ఇచ్చి, మిగతావారికి చూసే హక్కు ఇవ్వాలి. ఎవరైనా పొరపాటున చెరిపేస్తే, పాత రూపాన్ని వెనక్కి తెచ్చుకునే ‘వెర్షన్ హిస్టరీ’ ఎక్కడుందో అందరికీ ఒకసారి చూపించాలి. చెరిగిపోతుందేమోనన్న భయం పోతే పెద్ద వయసు ఉపాధ్యాయులు కూడా ధైర్యంగా రాస్తారు.

వాట్సాప్ కబురుకే, లెక్కకు కాదు

ప్రతి బడికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ‘‘ప్రొజెక్టరు బల్బు పోయింది’’ అని సోమవారం ఒకరు రాస్తారు. ‘‘చూద్దాం’’ అని ఇంకొకరు. ఆ తర్వాత పండగ శుభాకాంక్షలు, పుట్టినరోజు కేకులు, ఎవరో పంపిన వీడియో. గురువారానికి బల్బు మాట పైకి ఎక్కడికో పోతుంది. బల్బు మాత్రం అలాగే ఉంటుంది.

గ్రూపు కబురు చేరవేయడానికి మంచి సాధనం. తీసుకున్న నిర్ణయాన్ని నిలబెట్టడానికి మాత్రం పుస్తకం కావాలి. వంద పేజీల నోటుబుక్కు ఒకటి తీసుకుని రెండు భాగాలు చేయండి. ముందు వైపు నిర్ణయాలు: తేదీ, ఏం అనుకున్నాం, ఎందుకు, ఎవరెవరు ఉన్నారు. వెనక వైపు లోపాలు: ఏ తేదీన ఏం చెడింది, ఎవరికి చెప్పాం, ఎప్పుడు బాగైంది, ఎంత ఖర్చయింది. ఏడాది చివర లోపాల పేజీలు తిరగేస్తే, ఏ పరికరం ఎన్ని రోజులు మూలపడి ఉందో తేలుతుంది. అధికారి తనిఖీకి వచ్చినప్పుడు ‘‘ఎప్పుడూ చెడిపోతోందండీ’’ అనడం వేరు, ‘‘జూలై నుంచి ఆరుసార్లు చెప్పాం, తేదీలు ఇవిగో’’ అని పుస్తకం చూపించడం వేరు.

ఇదే పద్ధతి యూడైస్ ప్లస్ పనికీ పనికొస్తుంది. 2022-23 నుంచి అందులో పిల్లల వివరాలు ఒక్కొక్కరివిగా నమోదవుతున్నాయి. కర్ణాటకలో శాట్స్, తమిళనాడులో ఎమిస్ ఉండనే ఉన్నాయి. వీటిలో బోధనా మాధ్యమం గడి మనకు ప్రాణం. తెలుగు మాధ్యమం పిల్లవాడి ఎదుట పొరపాటున వేరే మాధ్యమం పడితే, కాగితం మీద తెలుగు పిల్లలు ఒకరు తగ్గినట్టే. పుస్తకాల ఇండెంటైనా పోస్టుల లెక్కయినా ఆ సంఖ్యల మీదే నడుస్తాయి. అందుకే ఎక్కించేవారు ఒకరు, సరిచూసేవారు మరొకరు ఉండాలి. ఇద్దరి పేర్లూ పట్టికలో ఉండాలి.

ఫాంటు అనే గోడ

తెలుగు బడులు ఒకరికొకరు సాయపడదామన్నా అడ్డుపడేది ఒకటుంది. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను వంటి ఫాంటులతో ప్రశ్నపత్రాలు కొట్టించుకున్నాం. ఆ ఫైలు అదే ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన గజిబిజి కనిపిస్తుంది. కారణం ఇదీ: ఆ పాత పద్ధతిలో కంప్యూటరు దాచుకునేది తెలుగు అక్షరాన్ని కాదు. ఇంగ్లిషు అక్షరపు సంకేతాన్ని దాచుకుని, దాని మీద తెలుగు బొమ్మ తొడుగుతుంది. బొమ్మ లేకపోతే అడుగున ఉన్నది బయటపడుతుంది. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉంది. 1991లో వెలువడిన తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కింది.

మీ దగ్గరున్న ఫైలు ఏ రకమో తెలుసుకోవడం తేలిక. అందులో ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. తెలుగు తెలుగుగానే ఉంటే అది యూనికోడ్. గజిబిజి వస్తే పాత ఫాంటు. పాత ఫైళ్లను మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, మార్చాక ఒత్తులు, గుణింతాలు ఒకసారి చదివి సరిచూడాలి. ఇకమీదట కొట్టేవన్నీ యూనికోడ్‌లోనే అని స్టాఫ్ మీటింగులో నిర్ణయం రాసుకోండి. డీటీపీ సెంటరువారికి కూడా అదే చెప్పండి. మండలి, రామభద్ర, సురన్న వంటి యూనికోడ్ ఫాంటులు ఉచితంగానే దొరుకుతున్నాయి. టైపింగు రాదనేవారు ఫోనులో మాట్లాడితే తెలుగు అక్షరాలుగా మారే సౌకర్యం వాడుకోవచ్చు, ఆపైన తప్పులు దిద్దుకుంటే సరి.

నాలుగు రాష్ట్రాలు, ఒకే జోడింపు పట్టిక

తెలుగులో డిజిటల్ పాఠాలు లేవన్న మాట పూర్తిగా నిజం కాదు. 2017 సెప్టెంబరు 5న మొదలైన దీక్షా వేదికలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠాలు ఉన్నాయి. సైన్సు, గణిత ప్రయోగాలు చూపే ఫెట్ సిమ్యులేషన్లలో కొన్ని తెలుగులోకి వచ్చాయి. నెట్ లేని చోట తెలుగు వికీపీడియాను ముందే దించుకుని చదవడానికి కివిక్స్ అనే ఉచిత సాధనం ఉంది.

చిక్కల్లా మన పాఠ్యపుస్తకంతోనే. తమిళనాడులోనూ కర్ణాటకలోనూ తెలుగు మాధ్యమం పిల్లలు చదివేది ఆ రాష్ట్రాల సిలబసు. మహారాష్ట్రలో బాలభారతి తెలుగులోనూ పుస్తకాలు అచ్చువేస్తుంది. అవి ఆంధ్రప్రదేశ్ పుస్తకాలతో అధ్యాయానికి అధ్యాయం కలవవు. కిరణజన్య సంయోగక్రియ ఎక్కడైనా ఒక్కటే గానీ, అది ఒకచోట ఒక తరగతిలో, ఇంకోచోట మరో తరగతిలో ఉండవచ్చు. ఒకే భావనకు రెండు పుస్తకాల్లో రెండు పారిభాషిక పదాలు ఉండవచ్చు. టీచరు ప్రతిసారీ వెదుక్కోవలసి వస్తే మూడోసారికి వెదకడం మానేస్తారు.

దీనికి మందు ఒక ఉమ్మడి పట్టిక. ఒక గడిలో మన పుస్తకంలోని అధ్యాయం. పక్క గడిలో దానికి సరిపోయే తెలుగు వీడియో లేదా సిమ్యులేషన్ ఎక్కడుందో దాని లింకు. మూడో గడిలో మన పుస్తకంలోని పదం, వీడియోలోని పదం. నాలుగో గడిలో ‘తరగతిలో వాడి చూశాం, ఇన్ని నిమిషాలు పట్టింది’ అన్న మాట. ఒక తరగతి గణితంలో పదిహేను అధ్యాయాలుంటే అయిదు బడులు తలా మూడు పంచుకోవచ్చు. హోసూరు వైపు బడులు ఒక జట్టు, బళ్లారి వైపు బడులు ఇంకో జట్టు, షోలాపూరు వైపు బడులు మరో జట్టుగా ఎవరి సిలబసుకు వారు పట్టిక చేసుకున్నా, పదాల గడి, లింకుల గడి అందరికీ పనికొస్తాయి. బరంపురం, రాయగడ వైపు ఉపాధ్యాయులు కూడా అందులోంచి తమకు కావలసింది తీసుకోవచ్చు. విడివిడిగా ఒక్కో సెక్షను చిన్నదే. పట్టికలో కలిస్తే చిన్నదిగా మిగలదు.

ఇలాంటి ఉమ్మడి పనికి ఒక నియమం కావాలి: తాను వాడి చూడని లింకును ఎవరూ పెట్టకూడదు. వంద లింకుల కుప్ప కన్నా, వాడి చూసిన పన్నెండు నయం.

తల్లిదండ్రుల వంతు

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మహిళలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం ఆ కమిటీ పని. అల్పసంఖ్యాకుల యాజమాన్యంలోని బడుల్లో కమిటీ పాత్ర సలహాకే పరిమితమని, ప్రణాళిక బాధ్యత దానికి లేదని 2012 సవరణ చెప్పింది. చట్టం అడగనంత మాత్రాన ప్రణాళిక రాసుకోకూడదని కాదు. ప్రభుత్వ తెలుగు బడి అయినా, మన సంఘాలు నడిపే ఎయిడెడ్ బడి అయినా, సాంకేతిక పరికరాల కోసం ఒక్క పేజీ ప్రణాళిక ఉండాలని తల్లిదండ్రులు అడగవచ్చు.

ఎలా అడగాలన్నది కూడా ముఖ్యమే. ‘‘టీవీ ఎందుకు నడవడం లేదు?’’ అని అడిగితే ఉపాధ్యాయులు సంజాయిషీలో పడతారు. ‘‘టీచరుగారూ, టీవీ నడవడానికి మేము ఏ పని తీసుకోవచ్చు?’’ అని అడిగితే పట్టికలో ఒక వరుస నిండుతుంది. కమిటీలో ఎలక్ట్రీషియను పనిచేసే తండ్రి ఉంటారు. మొబైలు షాపులో పనిచేసే అన్న ఉంటాడు. డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న అక్క ఉంటుంది, ఆమె వారానికి ఒక గంట తెలుగు టైపింగు నేర్పగలదు. మగ్గం నేసేవారు, బీడీలు చుట్టేవారు, కూలికి వెళ్లే తల్లులు మీటింగుకు రావాలంటే ఏ వేళ వీలవుతుందో వారినే అడిగి ఆ వేళకే పెట్టాలి. సాయంత్రం ఏడు గంటలకు పెడితే వచ్చేవారు, ఉదయం పదకొండుకు పెడితే రాలేరు.

ఇంకో జాగ్రత్త. పిల్లల ఫొటోలు, ఆధార్ నంబర్లు, పుట్టిన తేదీలు గ్రూపుల్లో తిరగకూడదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగా లెక్కించి, వారి వివరాల విషయంలో తల్లిదండ్రుల సమ్మతిని ప్రత్యేకంగా చెప్పింది. కొత్త యాప్‌లో పిల్లల పేర్లు ఎక్కించేముందు ఇంటికి తెలుగులో ఒక చీటీ పంపి, సంతకం తీసుకుని ఫైలు చేయడం బడి చేయవలసిన కనీస పని.

మొదటి మూడు నెలలు

అన్ని తరగతుల్లోనూ ఒకేసారి మొదలుపెట్టవద్దు. ఒక్క తరగతి, ఒక్క సబ్జెక్టు, వారానికి రెండు పీరియడ్లు. ఇష్టపడి ముందుకొచ్చిన ఉపాధ్యాయులతోనే మొదలుపెట్టండి. మొదటి నెల పరికరం ఆన్ చేయడం, ఆపడం, తాళం వేయడం అలవాటు కావాలి. రెండో నెల పాఠంలో పది నిమిషాల వాడకం. మూడో నెల చివర పిల్లలకు చిన్న పరీక్ష పెట్టి, బోర్డు వాడిన పాఠం, వాడని పాఠం రెండింటిలో వారికి ఏది ఎంత గుర్తుందో చూడండి. తేడా లేకపోతే వాడే తీరు మార్చాలి. తేడా ఉంటే రెండో తరగతి గదికి వెళ్లాలి.

మొదలుపెట్టేముందే ఒక వాక్యం రాసుకోండి: ‘మూడు నెలల్లో ఇది జరగకపోతే ఆగి మళ్లీ ఆలోచిస్తాం.’ ఉదాహరణకు, పన్నెండు వారాల్లో కనీసం పదహారు పీరియడ్లయినా వాడకపోతే కారణం వెతకాలి. ఆరంభశూరులమన్న పేరు మనకు ఎప్పటినుంచో ఉంది. ఆ పేరు పోవాలంటే మొదలుపెట్టిన రోజు కన్నా మూడో నెల ఆఖరి రోజు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

తెలుగు గది బోర్డు వెలగడానికి పెద్ద గ్రాంటే రావాలని ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. ఈ నెల స్టాఫ్ మీటింగులో ఒక చార్టు, ఒక స్కెచ్ పెన్ను తీసుకుని అయిదు గడులు గీయండి. మీ బడిలో ఇప్పటికే ఉన్న పరికరాల పేర్లు ఒక్కొక్కటీ రాయండి. ప్రతి పేరు ఎదుట జవాబు చెప్పే మనిషి పేరు ఒకటి రాయండి. ఆ గడి ఖాళీగా మిగిలిన పరికరమే రేపు మూలపడేది. ముందు ఆ గడి నింపండి.